ఎడమ గొట్టం డొల్ల

ఓట్ల సందడి ముగిశాక మా బావ తుపాకి బెజవాడ నుంచి ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాడే అది తనది కాదేమోనని ఆయనకి అనుమానం పట్టుకుంది.

బావంటే మా రావమ్మక్క భర్త, రామకోటేశ్వరరావు. ఊళ్ళో కోటి అంటారు. మైలవరం దాటాక కొండపక్కన వాళ్ళకి మామిడి తోట ఉంది. అడవి పందులు దిగుతాయి. వాటిని బెదరగొట్టడానికని వాళ్ళ నాన్న నరసయ్య మామ కాలం నుంచీ లైసెన్సు ఉంది. ఎలక్షన్లు వస్తే తుపాకులన్నీ స్టేషన్లో అన్నా పెట్టాలి, లైసెన్సున్న కొట్లో అన్నా అప్పగించాలి. స్టేషన్లో తుప్పు పడుతుందని వీళ్ళు మొదట్నుంచీ బెజవాడ పటమటలో జీవరత్నం గారి కొట్లోనే పెడతారు.

అది జోడు గొట్టాల ఇంగ్లీషు తుపాకి. చాలా పాతది. దాని గొప్ప ఏమిటంటే, పేలిన తూటా డొల్లని అదే విసిరేస్తుంది. మామూలువాటిని మధ్యకి వంచి తెరిస్తే ఖాళీ డొల్ల కాస్త పైకి లేస్తుంది, వేళ్ళతో పీక్కోవాలి. దీన్ని తెరిస్తే ఠప్పున ఎగిరి వెనక్కి పోతుంది. పేలని తూటా మాత్రం ఎగరదు, పైకి లేచి కూచుంటుంది. ఏది పేలిందో ఏది పేలలేదో దానికి తెలుసన్నమాట. ఆ విసిరే సామాన్ని ఎజెక్టరు అంటారు. గొట్టాల కింద చెయ్యి పెట్టి పట్టుకునే ముందు చెక్క లోపల ఉంటుంది అది.

ఆ రోజు పొద్దున్నే తోటలోకి పంది వచ్చిందని పాలేరు ఫోన్ చేస్తే ఇద్దరం వెళ్ళాం. బావ కుడి గొట్టం గాల్లోకి పేల్చాడు. పంది కదల్లేదు. ఎడమది కూడా పేల్చాడు. పోయింది. తుపాకి తెరిచాడు. ఒక డొల్ల ఆయన చంక పక్క నుంచి దూసుకుపోయి వెనక ఎండుటాకుల్లో పడింది. రెండోది మడమల వెనక కాస్త దూరంలోనే పడింది, చేతిలోంచి జారినట్టు.

బావ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఎడమది ఎగరలేదేరా?"

"నేనూ అదే చూశా బావా."

"ఎప్పుడూ ఎగిరేది కదా?"

మామ పోయి మూడేళ్ళు. బతికుండగా ఆ తుపాకిని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆయన పోయాక బావ పేల్చిందంతా కుడి గొట్టమే. ఒక్క చప్పుడికే పందులు పోయేవి. ఎడమది ఎప్పుడూ ఎగిరేదని బావకి ఎలా తెలుసో నాకు తెలీదు.

ఇంటికి పోతూ టీ కొట్టు దగ్గర ఆగాం. అక్కడ చక్రి ఉన్నాడు. స్థలాల బేరాలు చేస్తాడు, అన్నీ తెలుసంటాడు. విషయం విని గ్లాసు పక్కన పెట్టాడు.

"బాబాయ్, ఎన్నాళ్ళు ఉంది కొట్లో?"

"మార్చిలో ఇచ్చా."

"ఇంకేముంది? పాత ఇంగ్లీషు ఎజెక్టర్లకి గిరాకీ ఎలా ఉందో తెలుసా? ముందు చెక్క చేత్తో లాగితే ఊడొస్తుంది. అసలుది తీసి ఏదో పాతది తగిలించి ఇచ్చుంటాడు. పైన గొట్టాలు చూసి మీరు సరిపెట్టుకుంటారు. చెక్క తీసి లోపల నంబరు చూసుకున్నావా ఎప్పుడైనా?"

చూసుకోలేదు. ఇంటికి రాగానే అరుగు మీద గోనెపట్టా పరిచి బావ చెక్క ఊడదీశాడు. నూనె గుడ్డతో తుడిచాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, తీశాడు, నాకిచ్చాడు.

"నువ్వు చదువు."

చదివాను. గొట్టాల కింద ఒక నంబరు, లైసెన్సులో ఉన్నదే. చెక్క లోపలి ఇనుము మీద అసలు పొంతన లేని నంబరు.

తన మంచం మీద ఎవరో పడుకుని లేచి వెళ్ళినట్టు చూసుకున్నాడు బావ తుపాకిని.

"చూశావా? నాన్న ఎప్పుడూ చెప్పుకునేవాడు, ఒక దొర ఇంగ్లండులో ఎజెక్టర్లతో సహా చెప్పి చేయించుకున్న తుపాకి ఇది అని. ఆయనుంటే ఈ పని చేసేవాడా రత్నం? నేనంటే చులకన."

"ముందు వెళ్ళి అడుగుదాం బావా."

"అడిగేదేముంది. వెళ్ళి కడుగుదాం."

బొలెరోలో బయల్దేరాం. గొల్లపూడి దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఆ ఆగినంతసేపూ బావ పాత సంగతులన్నీ తవ్వాడు. నిన్న తుపాకి తీసుకోవడానికి వెళ్ళినప్పుడు రత్నం బయటకి రాలేదట. కూతురే తెచ్చిచ్చిందట. టీ తాగమని బలవంతం చేసిందట. "టీ ఎందుకు తాగమందిరా? ఎప్పుడన్నా తాగమందా?" నాకు గుర్తున్నంతలో ఆ కొట్లో ఎప్పుడు వెళ్ళినా టీ ఇస్తారు.

జీవరత్నం గారి కొట్టు మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంటుంది. ముందు ఇనుప జాలీ, లోపల గాజు బల్ల, గోడ మీద సిలువ, పక్కన వాళ్ళ నాన్న ఫోటో. ఇప్పుడు కొట్టు చూసేది కూతురు కృప. మమ్మల్ని చూసి లేచింది.

"రండి అంకుల్, కూచోండి. టీ చెప్పనా?"

బావ నా వైపు చూశాడు, విన్నావా అన్నట్టు.

"టీ వద్దమ్మా. మీ నాన్నని పిలువు."

జీవరత్నం గారు లోపలి గదిలోంచి వచ్చారు. డెబ్బై దాటాయి. చేతులకి నూనె. బావ తుపాకి బల్ల మీద పెట్టి, చెక్క ఊడదీసి దాని పక్కన పెట్టాడు.

"ఇది ఎవరిది రత్నం గారూ?"

"మీదేనండీ."

"నంబరు చూసి చెప్పండి."

"చూడక్కర్లేదండీ. నాకు తెలుసు."

"చూడకుండానే తెలుసంట్రా," అన్నాడు బావ నాతో. మళ్ళీ ఆయన వైపు తిరిగి, "గొట్టాలకి ఒక నంబరు, దీనికి ఒక నంబరు ఎందుకుంది?"

ఆయన గుడ్డ తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. కూతురి వైపు చూశారు, వీధిలోకి చూశారు. బావ కళ్ళలోకి మాత్రం చూడలేదు. నాకూ అక్కడే మనసులో ముల్లు గుచ్చుకుంది.

"అది ముందు నుంచీ అంతేనండీ. మీ నాన్నగారికి తెలుసు."

"ఆయన పోయారు కదా. ఆయనకి తెలిసింది మీరు చెప్పండి."

"నేను చెబితే బాగుండదండీ."

లోపలి గదిలో పని బల్ల కనిపిస్తోంది. దాని మీద ఇంకో జోడు గొట్టాల తుపాకి బిగించి ఉంది, ముందు చెక్క లేకుండా. బావ మోచేత్తో నన్ను పొడిచాడు.

"దాని చెక్క ఏదీ?"

"పాలిష్ వేసి మేడ మీద ఆరబెట్టానండీ."

"తెప్పించండి."

కృప పైకి వెళ్ళి తెచ్చింది. చెక్క మీద పాలిష్ ఇంకా జిగటగానే ఉంది. లోపల ఎజెక్టర్లు లేవు, ఉత్త ఇనుప పలక. అది వేరే తుపాకిదని నాకే తెలుస్తోంది. బావ అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"అంటే నాది ఇంకెవరికో పోయిందన్నమాట."

"కోటేశ్వరరావు గారూ, మీ ఇంటి తుపాకి మీద నేను చెయ్యి వేస్తానాండీ?"

"వేశావో లేదో పోలీసులు తేలుస్తారు. రేపు కాయితం పెడతా."

మీరు పోయి నువ్వు వచ్చింది. మామ ఉండగా జీవరత్నం గారిని ఆ ఇంట్లో ఎవరూ నువ్వు అనలేదు. ఆయన తల ఎత్తలేదు.

కృప మాత్రం బల్ల ఇవతలికి వచ్చింది. "అంకుల్, ఈ నెలే మా లైసెన్సు రెన్యువల్. అప్పగించిన తుపాకిలో సామాను మార్చారని ఒక్క కంప్లైంట్ వెళ్తే రెన్యువల్ ఆపేస్తారు. తర్వాత మీరు వెనక్కి తీసుకున్నా తెరవనివ్వరు. తాత పెట్టిన కొట్టండీ ఇది."

"అయితే మీ నాన్నని నిజం చెప్పమను."

"చెప్పండి నాన్నా."

జీవరత్నం గారు గోడ మీద ఫోటో వైపు చూశారు. "మాట ఇచ్చింది మీ తాత. పుచ్చుకుంది వీళ్ళ నాన్నగారు. ఇద్దరూ లేరు. మధ్యలో నేనెవర్నమ్మా విప్పడానికి?"

"బాగుంది," అన్నాడు బావ తుపాకి సంచిలో పెట్టుకుంటూ. "సాక్షులిద్దర్నీ స్వర్గం నుంచి పట్టుకురావాలి."

తిరుగుదారిలో ఆయన కులాసాగా ఉన్నాడు. దొంగ దొరికాడన్న ధీమా. నాకు మాత్రం రెండు అనుమానాలు పక్కపక్కనే కూచున్నాయి. ఆ పెద్దాయన ఏదో దాస్తున్నాడు, అది ఖాయం. కానీ దొంగతనం దాచేవాడు చెక్క తెమ్మనగానే తెప్పిస్తాడా? అంత తేలిగ్గా ఊడే చెక్క మీద నంబరు చెరపకుండా ఉంచుతాడా?

ఇంటికి చేరేసరికి ఎండ తగ్గింది. అక్క అరుగు మీద కూచుని గోంగూర ఒలుస్తోంది. బావ కాయితాలూ పెన్నూ తెచ్చి నా ముందు పెట్టాడు. ఊళ్ళో అర్జీలన్నీ నా చేతే రాయిస్తారు, అక్షరాలు విడివిడిగా ఉంటాయని.

"రాయి. గౌరవనీయులైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారికి."

రాశాను. లైసెన్సు వివరం, అప్పగించిన సంగతి, తీసుకున్న సంగతి రాశాను.

"పూర్వం ఎడమ గొట్టం డొల్ల కూడా కుడిదానితో సమానంగా ఎగిరేది. రాయి."

పెన్ను ఆపాను. "ఎంత ఎగిరేది బావా?"

"అంటే?"

"అడుగుతారు కదా. ఎక్కడిదాకా పోయేదని."

"ఎక్కడిదాకా ఏంట్రా, ఎగిరేది. నాన్న దసరాకి రెండూ పేల్చేవాడుగా. నువ్వూ ఉండేవాడివిగా."

ఉండేవాణ్ణి. మా ఇల్లు ఆ వీధి చివరే. అప్పట్లో పండక్కి కాల్చేవాళ్ళు, ఇప్పుడు కాల్చకూడదని రూలు వచ్చింది. ఆయుధపూజ కాగానే నరసయ్య మామ ఇదే అరుగు మీద వీధివైపు తిరిగి నిలబడేవాడు. ఆకాశంలోకి ఒకటి, వెంటనే ఇంకొకటి. తర్వాత వెనక్కి చూడకుండా తుపాకి తెరిచేవాడు. డొల్లలు పోయి వీధి తలుపుకి తగిలేవి. వాటికోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. ఒక చప్పుడు ఠంగున వచ్చేది. రెండోది దబ్బున, మెత్తగా వచ్చేది. పెద్దపిల్లలు పైకి చేతులు చాచేవాళ్ళు. నేను పొట్టివాణ్ణి, కింద కూచునేవాణ్ణి. నాకెప్పుడూ ఒకటి దొరికేది.

కింద కూచుంటే ఎప్పుడూ దొరికేది.

కాయితం పక్కన పెట్టి లేచాను. "బావా, తలుపు చూడు."

టేకు తలుపు. ఎన్నో రంగులు పడ్డాయి. చెయ్యి పెట్టి తడిమాను. తల ఎత్తున చిన్న చిన్న సొట్టలు, గోటితో గిల్లినట్టు, ఒకే చోట. ఇత్తడి అంచు తగిలిన గుర్తులు. అక్కడి నుంచి కిందికి తడుముకుంటూ వచ్చాను. మధ్యలో ఏమీ లేదు, నున్నగా ఉంది. మోకాలి దగ్గర మళ్ళీ సొట్టల గుంపు.

"అవి ఎద్దు కొమ్ము గీతలు," అన్నాడు బావ.

"ఎద్దేంటి, అరుగెక్కిందా?" అంది అక్క. "రంగు వేయించినప్పుడల్లా లప్పం పెట్టించుదామంటే మీ నాన్న పెట్టనిచ్చాడా? కిందవి కూడా ఉండనీ అమ్మాయ్ అనేవాడు. నేను కాపరానికి వచ్చేసరికే ఉన్నాయవి."

బావ లోపలికి వెళ్ళి రెండు పాత డొల్లలు తెచ్చాడు. పేలినవే. అయినా నేను ఒక్కోదాన్నీ వెలుతురుకి పెట్టి చూశాను. వాటిని గొట్టాల్లో పెట్టి, మూసి, ఎవరూ లేని గోడవైపు పెట్టి రెండు మీటలూ నొక్కాడు. టిక్కు టిక్కు. ఎజెక్టరుకి అదే చాలు, పేలిందనుకుంటుంది.

"ఎక్కడ నిలబడేవాడురా?"

"ఆ స్తంభం పక్కన. కుడి కాలు దాని కింది రాయి మీద పెట్టి."

నిలబడ్డాడు. వాళ్ళ నాన్నకంటే బావ పొట్టి. అక్క లేచి వంటింట్లోంచి పీట తెచ్చి కాళ్ళ దగ్గర వేసింది. "ఎక్కండి. ఆయనంత కావాలంటే ఎక్కాల్సిందే."

"నీ నోరుందే..." అంటూనే ఎక్కాడు. వీధిలో పోతున్న పాలు పోసే అబ్బాయి సైకిల్ దిగి చూస్తున్నాడు.

బావ తుపాకి తెరిచాడు.

ఠంగు. తల ఎత్తున, సొట్టల గుంపులోనే తగిలింది. వెంటనే దబ్బున ఇంకో చప్పుడు. రెండోది వొంపు తిరిగి మోకాలి ఎత్తున తగిలి గడప మీద దొర్లింది.

మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. మూడోసారి గట్టిగా విదిలించి తెరిచాడు, ఎలాగైనా తేడా రావాలని. రాలేదు. వాళ్ళ నాన్న వేసిన సొట్టల్లోకే వెళ్ళి పడుతున్నాయి రెండూ.

పీట దిగి అరుగు మీద కూచున్నాడు. తుపాకి ఒళ్ళో ఉంది.

"అంటే ఇది మా తుపాకే."

"మీదే."

"ఎడమది అప్పట్నుంచీ ఇంతే."

"ఇంతే."

ఒళ్ళోంచి తీసి గోడకి ఆనించాడు. ఇక వదిలేస్తాడనుకున్నాను. బావ అలాంటి మనిషి కాదు. రత్నం మీద నుంచి లేచిన అనుమానం వాలడానికి ఇంకో చోటు చూసుకుంటోంది.

"మరి నంబరు? దొర చెప్పి చేయించుకున్న తుపాకికి రెండు నంబర్లు ఎందుకుంటాయిరా?" గొంతు తగ్గించాడు. "నాన్నే మార్పించాడా?"

సగం రాసిన అర్జీ అరుగు మీద అలాగే ఉంది. బావ దాన్ని తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు.

మర్నాడు మళ్ళీ పటమట వెళ్ళాం. జాలీ సగమే తీసి ఉంది. కృప మమ్మల్ని చూసి నిలబడింది, ఈసారి టీ అనలేదు. బావ లోపలికి పోయి పెద్దాయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూచున్నాడు.

"రత్నం గారూ. మీరేం చెప్పొద్దు. నేను చెబుతా, కాదంటే కాదనండి. ఇది ఎజెక్టరు తుపాకి కాదు. మా నాన్న తర్వాత పెట్టించాడు. మీ నాన్నగారి దగ్గర."

జీవరత్నం గారు అప్పుడు చూశారు బావ కళ్ళలోకి. "అది మీరే అన్నారండీ. నేను అనలేదు."

"నేనే అన్నా. ఇప్పుడు చెప్పండి."

ఆయన నెమ్మదిగా చెప్పారు. మా మామ ఆ తుపాకిని ఒక ఎస్టేటు గుమాస్తా దగ్గర కొన్నాడట. కొనకముందే బెజవాడలో ఎవరి చేతిలోనో డొల్లలు విసిరే తుపాకి చూశాడు. ఇంగ్లీషు తుపాకులన్నీ అంతేననుకున్నాడు. బండి ఊరు చేరకముందే, నా తుపాకి డొల్లలు దానంతట అదే విసిరేస్తుంది, దొర అలా చేయించుకున్నాడు అని ఊరందరికీ చెప్పేశాడు. దసరా వచ్చింది. అందరి ముందూ రెండూ పేల్చి ఠీవిగా తెరిచాడు. డొల్లలు కాస్త పైకి లేచి అక్కడే ఉన్నాయి. ఓడలో వచ్చేటప్పుడు సముద్రపు గాలికి తుప్పు పట్టిందిలే అని చెప్పి వేళ్ళతో పీక్కున్నాడు.

"మర్నాడే వచ్చారండీ మా కొట్టుకి. మా నాన్న చెప్పాడు, ఈ తుపాకి చేసిన రోజుల్లో ఎజెక్టర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, అన్నిటికీ ఉండేవి కావు, అది తప్పు కాదు అని. ఆయన వినలేదు. వచ్చే దసరాకి ఎగరాలి అన్నారు. గొట్టం పగిలిన తుపాకి ఒకటి పడి ఉంటే దాని చెక్కా, లోపలి సామానూ తెచ్చి దీనికి పట్టించాం. ఇటు చూడండి."

గొట్టాల చివర, డొల్లల్ని పైకి లేపే ముక్క చూపించారు. "ఇది ఒకటే ముక్కగా ఉండేదండీ. రెండూ విడివిడిగా ఎగరాలంటే నిలువునా చీల్చాలి. ఆకురాయితో చీల్చింది నేనే. కుర్రాణ్ణి, చెయ్యి జారింది. గీత వంకరగా లేదూ?"

వంకరగానే ఉంది. రెండు మూడు వెంట్రుకలంత. నిన్న తోటలో అది నా కంట పడింది, అరుగుదల అనుకున్నాను.

"ఎడమ స్ప్రింగు విరిగిపోయుంటే లారీ కమాను పట్టీ ముక్క అరగదీసి వేశాం. అది అంతకంటే విసరలేదండీ. నంబరు చెరిపేయమన్నారు మీ నాన్నగారు. అది నేరం, చెయ్యనన్నాడు మా నాన్న. అయితే ఎవరికీ చెప్పకండి అన్నారు. చెప్పం అన్నాడు."

కృప తండ్రి వైపు చూస్తోంది. "ఇంతేనా నాన్నా? దీనికోసం కొట్టు మూయించుకునేవారా?"

"చిన్నదే కావచ్చమ్మా. మనది కాదుగా."

బావ జేబులోంచి అర్జీ తీసి గాజు బల్ల మీద పెట్టాడు. క్షమించమని అనలేదు. ఆయనకి ఆ మాట రాదు. కృప దాన్ని విప్పి చదివి, మడిచి, పక్కనున్న చిత్తుబుట్టలో వేసింది. వేసి, లోపలికి తిరిగి, "మూడు టీలు" అని కేకేసింది.

"ఎడమదానికి ఇప్పుడు మంచి స్ప్రింగు దొరుకుతుందండీ," అన్నారు జీవరత్నం గారు. "వేస్తే కుడిదానితో పాటే ఎగురుతుంది."

బావ టీ చల్లారేదాకా ఆలోచించాడు. "వద్దులెండి. తలుపు మీద కొత్త చోట తగులుతుంది."

తిరుగుదారిలో బావ కొండపల్లి దాటాక హఠాత్తుగా అడిగాడు.

"నీకు ముందే తెలుసు కదరా?"

"ఏది?"

"కింద కూచునేవాడివిగా."

"తెలీదు బావా."

నమ్మలేదు.

దసరాకి తుపాకి తుడిచి, కుంకుమ పెట్టి, పూజలో ఉంచారు. మా అక్క తోటికోడలి అల్లుడు సిద్ధార్థ వచ్చాడు, హైదరాబాదులో ఉద్యోగం. అంత పాత తుపాకి ఎప్పుడూ చూడలేదని చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు. బావ స్తంభం పక్కన పీట వేసుకుని ఎక్కి, ఖాళీ డొల్లలు పెట్టి, మీటలు నొక్కి తెరిచాడు. ఠంగు. దబ్బు. అందరూ నవ్వారు.

"అదేంటి మావయ్యగారూ, దానంతట అదే విసిరేసింది?"

"మరేమనుకున్నావు? ఒక దొర ఇంగ్లండులో చెప్పి చేయించుకున్నాడు," అన్నాడు బావ.

అని, పీట దిగకుండానే నా వైపు చూశాడు. నేను నవ్వుతానేమో, ఏమైనా అంటానేమో అని. నేను గడప మీద పడ్డ డొల్ల వంగి తీసుకుంటున్నాను. తీసుకుని లేచి, జేబులో వేసుకునేదాకా ఆయన చూపు తిప్పలేదు.